కాశీనగరం మిల్లులో నేను పాడుచేసిన డ్రైవ్: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో డ్రైవ్, అంటే మోటారు వేగాన్ని అదుపుచేసే పెట్టె, పాడైపోవడానికి కారణం కరెంటు కాదు, ఊక దుమ్ము కాదు, డ్రైవ్ తయారుచేసిన కంపెనీ అంతకంటే కాదు. కారణం నేను. పది నిమిషాల పని చేసి, డబ్బులు పుచ్చుకుని, పైగా ఒక సంచి బియ్యం కూడా తెచ్చుకున్నాను. ఇరవై మూడు రోజుల తర్వాత అదే డ్రైవ్ ముందు మళ్ళీ నిలబడాల్సి వచ్చింది. సీరియల్ వైరు మీద డ్రైవ్ పారామీటర్లు (లోపలి సెట్టింగులు) చదివే, రాసే పని మనలో చాలామంది చేస్తున్నాం కాబట్టి, ఏ బైటు దగ్గర నా బుర్ర పనిచేయలేదో దానితో సహా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్ళిపోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. నా పని మాత్రం రెండు వైపులా ఉంటుంది. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే రైలు దారిలో, వంశధార ఒడ్డున కాశీనగరం వస్తుంది. ఒకప్పుడు అది చిన్న లైను, 2011లో పెద్ద లైను అయింది. ఆ చుట్టుపక్కల మిల్లుల షావుకార్లలో చాలామంది తెలుగువాళ్ళే. పనివాళ్ళు ఒక మాట తెలుగు, ఒక మాట ఒడియా కలిపి మాట్లాడతారు. ఈ కథ అక్కడి ఒక ఉప్పుడు బియ్యం మిల్లులోది.

మిల్లులో డ్రయ్యర్ దగ్గర మూడు డ్రైవ్‌లు ఉన్నాయి: వేడి గాలి బ్లోయర్‌కి ఒకటి, ఊక పొయ్యి పొగ లాగే ఐడీ ఫ్యాన్‌కి ఒకటి, కింద ధాన్యం దించే రోటరీకి ఒకటి. మూడూ సీమెన్స్ మైక్రోమాస్టర్ 420లు. బ్లోయర్ మోటారు 10 హెచ్‌పీ. మూడు డ్రైవ్‌ల 14, 15 టెర్మినళ్ళ నుంచి ఆర్ఎస్-485 అనే సీరియల్ వైరు ఒక చిన్న పీఎల్‌సీకి, అంటే యంత్రాలను నడిపే కంప్యూటరుకి, వెళ్తుంది. పీఎల్‌సీ పక్కన ఒక టచ్ స్క్రీను. ఈ ప్యానెల్ కట్టి ప్రోగ్రాం రాసినవాళ్ళు పాస్‌వర్డ్ ఇవ్వలేదు, డ్రాయింగు ఇవ్వలేదు, రెండేళ్ళుగా ఫోను కూడా ఎత్తడం లేదట. మన వైపు ఇది వింతేమీ కాదు.

మొదటి సారి వెళ్ళింది డిసెంబరులో. ఖరీఫ్ ధాన్యం లారీలు మిల్లు గేటు దాటి రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి.

"కరెంటు పోయొచ్చిందంటే సాలు బాబూ, పెద్ద ఫ్యాను బెల్టు కీసుమంటాది. ఒక్కోసారి డ్రైవు ట్రిప్పైపోతాది. మావోడు మళ్ళీ స్క్రీను మీద ఏదో నొక్కితేగానీ దారిలోకి రాదు," అన్నారు షావుకారు.

మావోడు అంటే ఆపరేటరు, గుణుపురం కుర్రాడు. అతను చూపించాడు. స్క్రీను మీద 'ర్యాంప్ టైం' అని ఒక గడి ఉంది, ఆగి ఉన్న మోటారు పూర్తి వేగానికి ఎక్కడానికి పట్టే సమయం. బ్లోయర్ బరువైన ఫ్యాను కాబట్టి అతను అందులో 60 సెకన్లు పెడతాడు. అది డ్రైవ్‌లో పీ1120 అనే పారామీటర్‌లోకి వెళ్తుంది. కరెంటు పోయి వస్తే మళ్ళీ 10 అయిపోతుంది. ఆ పది సెకన్లలో ఫ్యానుని లేపబోయి మోటారు ఎక్కువ కరెంటు లాగి, కొన్నిసార్లు ఎఫ్0001 అనే ఫాల్ట్‌తో ఆగిపోతుంది. 10 అనేది పీ1120కి ఫ్యాక్టరీ విలువ.

నాకు చూడగానే అర్థమైంది. స్క్రీను మీద నుంచి వచ్చిన విలువ డ్రైవ్‌లోని ర్యామ్‌లోకి మాత్రమే వెళ్తోంది. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ అవుతుంది, తిరిగి వచ్చాక డ్రైవ్ ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని జ్ఞాపకంలో, ఉన్న పాత విలువను ఎత్తుకుంటుంది. పలక మీద రాసింది వానకి చెరిగిపోతే పుస్తకంలో ఉన్నది చూసి మళ్ళీ రాసుకున్నట్టు. ఈ డ్రైవ్‌లో పీ0014 అని ఒక పారామీటర్ ఉంది, స్టోర్ మోడ్. సీరియల్ పోర్టు ద్వారా వచ్చిన విలువ ర్యామ్‌లోనే ఉండాలంటే 0, ఈఈప్రామ్‌లోకి వెళ్ళాలంటే 1. అక్కడ 0 ఉంది. బీఓపీ అనే బటన్ల ప్యానెల్ డ్రైవ్‌కి తగిలించి, లోపలి పారామీటర్లు కనపడేలా పీ0003ని 3 చేసి, పీ0014లో సీరియల్ పోర్టుకి సంబంధించిన ఇండెక్స్‌ని 1 చేశాను. స్క్రీను మీద 60 పెట్టించాను. మెయిన్ స్విచ్ తీసి, నిమిషం ఆగి, వేశాను. 60 అలాగే ఉంది.

షావుకారు ముఖం వెలిగిపోయింది. నాదీ వెలిగింది.

ఇప్పుడు చెప్తాను, అంత సింగారం అక్కర్లేదు. అదే బీఓపీతో పీ1120ని నేరుగా 60 చేసేసి ఉంటే అయిపోయేది. బీఓపీతో మార్చింది ఎప్పుడైనా ఈఈప్రామ్‌లోకే పోతుంది. కానీ ఆపరేటరు "పచ్చి ధాన్యానికి ఒక టైము, ఆరినదానికి ఒక టైము పెడతాను సార్" అన్నాడు. పీ0014 లాంటి లోపలి పారామీటర్ నాకు తెలుసు అని చూపించుకోవాలన్న సరదా నాకూ ఉంది. ఆ వైరు మీద పీ1120 కాకుండా ఇంకేం వెళ్తోందో మాత్రం చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు.

రెండోసారి ఫోను వచ్చింది సంక్రాంతి అయిన వారానికి. డ్రైవ్ మీద ఎఫ్0051. ఇది పారామీటర్ ఈఈప్రామ్ ఫాల్ట్: శాశ్వతంగా దాచే జ్ఞాపకంలో చదవడమో రాయడమో కుదరలేదని అర్థం. పొద్దున్న రైలుకి వెళ్ళాను. బ్లోయర్ ఆగితే డ్రయ్యర్ ఆగుతుంది, డ్రయ్యర్ ఆగితే ఉడికించిన ధాన్యం తొట్టెల్లో ఉండిపోయి పులిసిన వాసన వస్తుంది. నేను వెళ్ళేసరికే ఆ వాసన మొదలైంది.

"ఏటి బాబూ, అప్పుడు బాగానే సేసినావు కదా. ఇప్పుడేటి ఇలగైపోనాది?"

ఆ మాటలో నన్ను తప్పుపట్టడం లేదు, ఆశ్చర్యమే ఉంది. అయినా నాకు ఎందుకో గుచ్చుకుంది.

పీ0010ని 30, పీ0970ని 1 చేసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. ఫాల్ట్ పోయింది. మోటారు ప్లేటు వివరాలు, మిగతావి మళ్ళీ ఎక్కించాను. బ్లోయర్ నడిచింది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి కరెంటు ఒకసారి రెప్పపాటు పోయి వచ్చింది, మళ్ళీ ఎఫ్0051. ఇంక ఆ డ్రైవ్‌తో లాభం లేదు. అదృష్టం కొద్దీ స్టోర్ గదిలో అదే సైజు స్పేర్ ఒకటి అట్టపెట్టెలో ఉంది. దాన్ని బిగించి, నా నోటుబుక్కు తీసి ఒక్కో పారామీటరూ పెట్టుకుంటూ వెళ్ళాను. జాబితాలో చివరిది, నా చేతి రాతలోనే: 'పీ0014 – 1'. దాని పక్కన ఒక టిక్కు కూడా పెట్టుకున్నాను అప్పట్లో, గొప్పగా.

అది పెట్టే ముందు లైను మీద కమ్యూనికేషన్ ఉందో లేదో చూద్దామని ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ–485 కన్వర్టరు పెట్టి, రెండు తీగలు లైనుకి కలిపాను. కన్వర్టరు మీద చిన్న ఆకుపచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది. కుర్రాడు వంగి చూశాడు.

"భాయినా, నేను స్క్రీను ముట్టుకోనేలేదు. ఇది దేనికి మిణుకుతోంది?"

"మాస్టరు అడుగుతూనే ఉంటుంది తమ్ముడూ, డ్రైవ్ చెప్తూనే ఉంటుంది. అది అంతే," అన్నాను. అన్నానే గానీ, ఏం అడుగుతోందో నాకు తెలీదు. తెలీకుండానే చెప్పేశానని అప్పుడు తట్టింది. సరే, పదినిమిషాలు విందాం అనుకున్నాను.

ఇక్కడ కాస్త ఆగి ఆ భాష గురించి చెప్పాలి. ఈ డ్రైవ్‌లు మాట్లాడేది యూఎస్ఎస్ ప్రోటోకాల్. సీమెన్స్ వాళ్ళ సొంత పద్ధతి. లైను మీద ఒక్కరే మాస్టరు, అక్కడ అది పీఎల్‌సీ. మిగతావి స్లేవులు, ఎక్కువలో ఎక్కువ 31. మాస్టరు పిలిస్తేనే స్లేవు నోరు విప్పాలి. 9600 బాడ్‌లో ఒక్కో బైటుకీ 11 బిట్లు: ఒక స్టార్ట్, ఎనిమిది డేటా, ఒక ఈవెన్ ప్యారిటీ, ఒక స్టాప్. ల్యాప్‌టాప్‌లో ప్యారిటీ 'నన్' అని వదిలేస్తే చెత్త వస్తుంది, చాలామంది అక్కడే వైరింగు మీద అనుమానపడి గంటలు పోగొట్టుకుంటారు. తీగలు తిప్పి కలిపినా చెత్తే వస్తుంది. కన్వర్టర్లు చేసేవాళ్ళు ఒకరు ఏ అన్నదాన్ని ఇంకొకరు బీ అంటారు, కాబట్టి అక్షరాన్ని నమ్మకుండా ఒకసారి తిప్పి చూడాలి. తిప్పినంత మాత్రాన ఏమీ కాలిపోదు. ఒక్క జాగ్రత్త: వినడం మాత్రమే చేయాలి. మనం కూడా పంపడం మొదలుపెడితే లైను మీద ఇద్దరు మాస్టర్లు అవుతారు, ఇద్దరి మాటా ఎవరికీ వినపడదు.

హెక్స్ అంకెల్లో (పదహారు అంకెల లెక్క, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా) వచ్చే అక్షరాలను కూడా తెలుగులోనే రాస్తున్నాను, అలవాటు లేనివాళ్ళు కాస్త సర్దుకోండి. తెర మీద వరసగా ఇవి దొర్లుతున్నాయి:

02 0ఈ 03 33 ఈ9 00 00 42 2ఏ 00 00 00 00 00 00 బీడీ

మొదటి 02 టెలిగ్రామ్, అంటే ఒక సందేశం, మొదలైందని గుర్తు. 0ఈ అంటే 14. దీని తర్వాత ఇంకా 14 బైట్లు ఉన్నాయని. 03 డ్రైవ్ చిరునామా, మన బ్లోయర్ అదే. చివరి బీడీ చెక్‌సమ్, దారిలో తప్పు దొర్లిందేమో చూసుకునే అంకె: ముందున్న బైట్లన్నిటినీ ఎక్స్‌ఆర్ చేస్తే (బిట్టు బిట్టుగా పోల్చి, తేడా ఉన్నచోట 1 వేస్తే) వచ్చేది. కాగితం మీద చేసి చూశాను, సరిపోయింది. మధ్యలో ఉన్న పన్నెండు బైట్లే అసలు సరుకు. వాటిలో మొదటి ఎనిమిది పారామీటర్ల గది, దాన్ని పీకేడబ్ల్యూ అంటారు. చివరి నాలుగు నడిపించే గది, పీజెడ్‌డీ. ఆన్, ఆఫ్, వేగం లాంటి రోజువారీ ఆజ్ఞలు వెళ్ళాల్సింది ఈ రెండో గదిలోంచి. ఇక్కడ అది సున్నాలతో ఖాళీగా ఉంది. ఆ ఖాళీని చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పారామీటర్ గదిలో మొదటి రెండు బైట్లు 33 ఈ9. దీన్ని 3, 3ఈ9 అని విడదీసి చదవాలి. 3ఈ9 అంటే పదుల లెక్కలో 1001, అంటే పీ1001. ఈ నంబరుకి 11 బిట్లే చోటు ఉంది కాబట్టి 2000 నుంచి పైన ఉన్న పారామీటర్లకి 2000 తీసేసి, తర్వాతి పదంలో (పదం అంటే రెండు బైట్లు) ఒక పేజీ గుర్తు పెడతారు. ఇక మొట్టమొదటి 3. ఈ కేసు మొత్తం ఆ ఒక్క అంకెలో ఉంది.

ఆ అంకె పని ఏమిటో చెప్తుంది. 1 అయితే 'ఈ పారామీటర్ విలువ చెప్పు'. 2 అయితే 'ఒక పదం విలువతో మార్చు'. 3 అయితే 'రెండు పదాల విలువతో మార్చు'. నేను ఆ లైటు మిణుకులన్నీ 1లు అనుకున్నాను. ఏ మాస్టరైనా ఊరికే కూచున్నప్పుడు చదువుతూ ఉంటుందిలే అనుకున్నాను. అది చదవడం లేదు. రాస్తోంది.

ఏం రాస్తోంది? 42 2ఏ 00 00. దశాంశాలను బైట్లలో రాసే ఐఈఈఈ ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో అది 42.5. అంటే 42.5 హెర్ట్జ్. పీ1001 ఒకటో ఫిక్స్‌డ్ ఫ్రీక్వెన్సీ. డ్రైవ్‌లో పీ1000 3, పీ0701 16 అని పెట్టి ఉన్నాయి, అంటే ఒకటో డిజిటల్ ఇన్‌పుట్ ఆన్ అయితే మోటారు మొదలై పీ1001లో ఎంత ఉంటే అంత వేగంతో తిరుగుతుంది. రెండేళ్ళ క్రితం ప్రోగ్రాం రాసిన మహానుభావుడు బ్లోయర్ వేగాన్ని పీజెడ్‌డీ గదిలోంచి పంపకుండా, వేడి గాలి ఉష్ణోగ్రత చూసి ఎప్పటికప్పుడు పీ1001 అనే పారామీటర్‌నే దిద్దుతున్నాడు. ఫిక్స్‌డ్ అని పేరున్నదాన్ని రెండు సెకన్లకోసారి మారుస్తున్నాడు.

ఎందుకలా చేశాడో ఊహించగలను. పీజెడ్‌డీ వాడాలంటే కంట్రోల్ వర్డ్ (ఆజ్ఞల పదం) బిట్లు తెలియాలి, స్టేటస్ వర్డ్ (డ్రైవ్ స్థితి చెప్పే పదం) చదవాలి, అందులో ఒక్క బిట్టు తప్పినా డ్రైవ్ వినదు. పారామీటర్ రాయడం సులువు: నంబరు, విలువ, అయిపోయింది. నిజం చెప్పాలంటే పీ0014 0లో ఉన్నంతకాలం అది అంత ప్రమాదం కూడా కాదు. ర్యామ్‌లో ఎన్నిసార్లు రాసినా ర్యామ్ అరగదు. మొరటు పద్ధతే, కానీ రెండేళ్ళు నడిచింది. పద్ధతి తెలిసినవాణ్ణనుకునే నేను వచ్చాకే అది డ్రైవ్‌ని తినేసింది.

పీ0014 పీ1120 ఒక్కదానికీ పనిచేసేది కాదు. ఆ పోర్టు ద్వారా వచ్చే ప్రతి రాతకీ అది వర్తిస్తుంది. నేను ఒక గడి గుర్తుండాలని దాన్ని 1 చేస్తే, ఆ క్షణం నుంచి పీ1001 కూడా ఈఈప్రామ్‌లోకి వెళ్ళడం మొదలైంది. పైగా సెన్సార్ అంకె ఒకచోట నిలవదు. 42.50, తర్వాత 42.47, తర్వాత 42.53, ఇలా కొంచెం కొంచెం ఊగుతూనే ఉంటుంది. పాత విలువే కదా, మళ్ళీ రాయడం దేనికి అని డ్రైవ్ ఊరుకునే అవకాశం కూడా లేదు.

లెక్క వేశాను. మాస్టరు ఒక పని అడిగాక జవాబు వచ్చేదాకా అదే టెలిగ్రామ్‌ని మళ్ళీ మళ్ళీ పంపాలి, అది యూఎస్ఎస్ పద్ధతి. అందుకని అడిగినవాటిని కాకుండా, '23 ఈ9' అని మొదలయ్యే జవాబులను లెక్కపెట్టాను. ఆ ముందున్న 2 'విలువ తీసుకున్నాను, ఇదిగో రెండు పదాల విలువ' అని డ్రైవ్ ఒప్పుకోవడం. కుదరకపోతే 7 వస్తుంది, వెనకాల కారణం నంబరు వస్తుంది. పది నిమిషాల్లో జవాబులు మూడు వందలకి రెండు తక్కువ. అంటే రెండు సెకన్లకి ఒకటి. మిల్లు రోజుకి పదహారు గంటలు నడుస్తోంది. రోజుకి 28,800 రాతలు. మధ్యలో పండక్కీ మరమ్మతులకీ ఆగిన రోజులు తీసేస్తే పంతొమ్మిది రోజులు. మొత్తం 5,47,200.

ఈఈప్రామ్ చిప్‌లకు సాధారణంగా హామీ ఇచ్చేది చిప్‌ని బట్టి లక్ష నుంచి పది లక్షల రాతలు. ఒక మనిషి రోజుకి పదిసార్లు బీఓపీ నొక్కి మార్చినా లక్ష కావడానికి ఇరవై ఏడేళ్ళు పడుతుంది. నా పుణ్యమా అని ఇక్కడ నాలుగో రోజుకే లక్ష దాటింది. పంతొమ్మిది రోజులు అది బతకడం ఆ చిప్ మంచితనం.

కుర్రాడికి చెప్పాను. వాడు ఒక్క క్షణం ఆలోచించి, "అంటే స్పేరులో కూడా ఇప్పుడు మీరు 1 పెట్టబోయారు కదా," అన్నాడు. అవును. బీఓపీ అప్పటికి చేతిలోనే ఉంది.

షావుకారుకి చెప్పడం మాత్రం అంత తేలిక కాలేదు. గల్లా దగ్గర నలుగురు రైతులు కూచుని ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, డ్రైవ్ పోవడానికి కారణం నేను డిసెంబరులో మార్చిన ఒక అంకె అని చెప్పాను. ఆయనకి ఈఈప్రామ్ అంటే తెలీదు. "ఒకే చోట ఐదున్నర లక్షల సార్లు రబ్బరుతో తుడిచి రాస్తే కాగితం చిరిగిపోదా షావుకారు గారూ, అలాంటిది," అన్నాను. ఆయన కాసేపు నా వైపు చూసి, "మరి నువ్వే సెప్పకపోతే నాకెలగ తెలుస్తాది బాబూ?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. స్పేర్ డ్రైవ్ ఖరీదులో సగం నేను పెట్టుకుంటానన్నాను. ఆయన వద్దనలేదు. సీజను అయ్యేదాకా ఆ మిల్లులో చేసిన పనులకి కూలి తీసుకోకుండా తీర్చాను.

ఆ రోజుకి చేసింది చిన్న పనే. స్పేర్‌లో పీ0014ని 0లోనే ఉంచాను. పీ1120ని బీఓపీతో 60 చేశాను. స్క్రీను మీద ఆ గడి జోలికి వెళ్ళొద్దని, టైము మార్చాల్సి వస్తే నాకు ఫోను చేయమని కుర్రాడికి చెప్పాను. వాడు పచ్చి ధాన్యానికీ ఎండినదానికీ వేరు వేరు టైము పెడతానన్నది కూడా, తరచి అడిగితే, ఎప్పుడో ఒకసారి జరిగిన సంగతి. మిగతా రెండు డ్రైవ్‌ల మీద కూడా విన్నాను. ఐడీ ఫ్యాన్‌కీ అదే తంతు, రెండు సెకన్లకోసారి పీ1001. నేను డిసెంబరులో దాని పీ0014ని ముట్టుకోలేదు కాబట్టి అది బతికిపోయింది. రోటరీ వేగం ఎప్పుడూ మారదు, దాని మీద రాతలే లేవు.

అసలు మార్పు వర్షాల్లో, మిల్లు ఖాళీగా ఉన్నప్పుడు చేశాం. పీఎల్‌సీ ప్రోగ్రాం పాస్‌వర్డ్ లేదు కాబట్టి మొత్తం చెరిపి కొత్తగా రాయాల్సి వచ్చింది. బొబ్బిలిలో ఒక మిత్రుడు రాసిపెట్టాడు, నేను లైను మీద వింటూ సరిచూశాను. ఇప్పుడు వేగం వెళ్ళేది పీజెడ్‌డీలోంచి. డ్రైవ్‌లో పీ0700, పీ1000 రెండూ 5, అంటే ఆజ్ఞ, వేగం రెండూ సీరియల్ పోర్టు నుంచి. మొదటి పదం కంట్రోల్ వర్డ్: 047ఈ అంటే సిద్ధంగా ఉండి ఆగు, 047ఎఫ్ అంటే నడువు. రెండో పదం వేగం. పీ2000లో ఉన్న 50 హెర్ట్జ్‌కి 4000 హెక్స్, అంటే 16384. 42.5 హెర్ట్జ్ కావాలంటే 13926, హెక్స్‌లో 3666. ఈ గదిలో సెకనుకి పదిసార్లు రాసినా ఏదీ అరగదు, అది పారామీటరే కాదు. కాబట్టి ఏ జ్ఞాపకంలోకీ వెళ్ళదు.

ర్యాంప్ టైము గడి స్క్రీను మీద అలాగే ఉంది. నొక్కితే పీ1120 ర్యామ్‌లో మారుతుంది. పక్కన 'సేవ్' అని కొత్త బటన్ పెట్టాం. అది నొక్కినప్పుడు ఒక్కసారి పీ0971కి 1 వెళ్తుంది. టెలిగ్రామ్‌లో అది 23 సీబీ. ర్యామ్‌లో ఉన్నవన్నీ ఈఈప్రామ్‌లోకి దింపి, అయ్యాక డ్రైవ్ దాన్ని తనే 0 చేసుకుంటుంది. ఒక్కో రాతకి విడిగా 'ఈఈప్రామ్‌లో కూడా దాచు' అని చెప్పే పని అంకెలు కూడా ఈ డ్రైవ్‌లో ఉన్నాయి, 11 నుంచి 14 దాకా. వాటిని కావాలనే వాడలేదు. ప్రోగ్రాంలో ఎవరైనా ఒక బ్లాకు కాపీ చేసి పొరపాటున లూపులో పెడితే మళ్ళీ మొదటికే వస్తాం. పీ0971 అయితే మనిషి వేలితో నొక్కితేగానీ కదలదు. ఇది నా అభిప్రాయం, వేరేగా చేసేవాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ ఇంకో దెబ్బ తగిలింది, చిన్నదే. వైరు తెగినా పీఎల్‌సీ చచ్చినా డ్రైవ్‌కి తెలియాలని పీ2014ని 1000 మిల్లీసెకన్లు పెట్టాను. అంతసేపు టెలిగ్రామ్ రాకపోతే ఎఫ్0072తో ఆగిపోతుంది. పరీక్షకి సేవ్ బటన్ నొక్కాం. బ్లోయర్ ఆగిపోయింది, ఎఫ్0072. పీ0971 పని జరుగుతున్నంతసేపు డ్రైవ్ లోపలి లెక్కల్లో మునిగిపోయి లైను వైపు చూడదు, మాన్యువల్‌లో ఆ మాట ఉంది. మళ్ళీ చదవనిది నేనే. పీ2014ని 5000 చేశాం. సేవ్ బటన్ బ్లోయర్ ఆగి ఉన్నప్పుడే పనిచేసేలా ప్రోగ్రాంలో అడ్డం పెట్టాం.

పాత పద్ధతిలో వైరు ఊడిపోయినా బ్లోయర్ చివరి వేగంతో తిరుగుతూనే ఉండేది. ఎవరికీ తెలిసేది కాదు, ధాన్యం ఎక్కువ ఎండిపోయి నూక పెరిగాకే తెలిసేది. ఇప్పుడు ఆగిపోతుంది. కానీ పొయ్యి వెలుగుతుండగా బ్లోయర్ ఆగితే డ్రయ్యర్ కింద భాగం వేడెక్కిపోతుంది. అందుకని డ్రైవ్‌లోని ఫాల్ట్ రిలేని వేడి గాలి డ్యాంపర్‌కి కలిపాం. దీని గురించి షావుకారుతో గంటసేపు వాదన జరిగింది. ఆగకుండా తిరగడమే మేలని ఆయన, ఆగి చెప్పడమే మేలని నేను. చివరికి ఆపరేటరు కుర్రాడు నా వైపు మాట్లాడాడు కాబట్టి అది నిలిచింది.

యూఎస్ఎస్ కాకుండా మోడ్‌బస్ అనే ఇంకో ప్రోటోకాల్ మాట్లాడే డ్రైవ్‌లు వాడేవాళ్ళకి కూడా ఈ తేడా వర్తిస్తుంది. 1979లో వచ్చిన ఆ ప్రోటోకాల్‌లో ఫంక్షన్ 03 చదవడానికి, 06 ఒక రిజిస్టరు రాయడానికి, 16 అనేక రిజిస్టర్లు రాయడానికి. రాసింది ర్యామ్‌లోకి వెళ్తుందా, ఈఈప్రామ్‌లోకి వెళ్తుందా అన్నది మోడ్‌బస్ చెప్పదు. అది డ్రైవ్ చేసినవాళ్ళ ఇష్టం. కొన్నిటిలో ఒకే పారామీటర్‌కి రెండు చిరునామాలు ఉంటాయి, ఒకటి తాత్కాలికం, ఒకటి శాశ్వతం. కాబట్టి ఇప్పుడు నేను ఏ మిల్లుకి వెళ్ళినా, ఏ అంకె మార్చకముందే కన్వర్టరు పెట్టి పది నిమిషాలు వింటున్నాను. గుణుపురం వైపు ఇంకో మిల్లులో అలా వింటుంటే ఒక పీఎల్‌సీ ప్రతి సెకనూ పీఐడీ గెయిన్ అనే అదుపు సెట్టింగు రాస్తూ కనిపించింది. అక్కడ ఇంకా ఏమీ పాడవలేదు. వాళ్ళకి చెప్పాను, నవ్వి ఊరుకున్నారు.

ఆ పాత డ్రైవ్ ఇప్పుడు మా ఇంట్లో బల్ల మీద ఉంది. మొన్నొక రోజు ఖాళీగా ఉండి దానికి ల్యాప్‌టాప్‌నే మాస్టరుగా పెట్టి, పని అంకె 1తో ఒక్కో పారామీటరూ అడుగుతూ వెళ్ళాను. బల్ల మీద మళ్ళీ ఫ్యాక్టరీ రీసెట్ చేసిందే కాబట్టి పీ1120 అడిగితే 10 అంది. పీ1001 అడిగితే సున్నా అంది. పీ0014 మాత్రం ఇంకా 1 అనే అంది. ఫ్యాక్టరీ రీసెట్ ఆ ఒక్కదాన్నీ ముట్టుకోదు.